వాడుక పేర్లు

కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే ఆ గోదాములో ఏ అరలో ఏముందో అత్తయ్య కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇరవై ఆరేళ్ళుగా స్టోరు తాళాలు ఆవిడ దగ్గరే. స్టాకంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని కోడలు పనిచేసే చిన్న కంపెనీకే వచ్చిందని తెలిసి ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. కోడలికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

మూడు నెలలు కూర్చుని తయారుచేసింది. ప్రతి వస్తువుకీ నంబరు, ప్రతి అరకీ నంబరు. తెర మీద చూస్తే ముచ్చటేసేది. తీరా వాడకం మొదలైన వారానికే తేడాలొచ్చాయి. తెర మీద నలభై ఉన్నాయంటే అరలో పదకొండే ఉంటున్నాయి. స్టోరులో వాళ్ళకి ఇది ఇష్టం లేదేమోనని మేనేజరు నసిగాడు. కోడలు మర్నాడు పొద్దున్నే కౌంటరు వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

గంటలో సంగతి బోధపడింది. వచ్చిన మెకానిక్కుల్లో ఒక్కరూ నంబరు చెప్పలేదు. ఒకాయన చిలకముక్కు అడిగాడు, ఇంకొకాయన పొట్టి గుర్రం కావాలన్నాడు. కంప్యూటరుకి చిలకా తెలీదు, గుర్రమూ తెలీదు. వెనక నలుగురు పోగయ్యేసరికి అత్తయ్య లేచి సరుకు చేతికి అందించేస్తోంది. తర్వాత ఎక్కిద్దామనుకుని మరిచిపోతోంది.

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"అంత కష్టపడి చేశావు. వంక పెట్టినట్టుంటుందని ఊరుకున్నానమ్మా."

కోడలికి సిగ్గేసింది. మేనేజరుతో ఇరవైసార్లు కూర్చుంది గానీ, రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషిని ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం నుంచి పని వంటింట్లోకి మారింది. అత్తయ్య కూరలు తరుగుతూ పేర్లు చెప్పేది, కోడలు ల్యాప్‌టాప్‌లో ప్రతి వస్తువు పక్కనా కొత్తగా పెట్టిన 'వాడుక పేరు' గడిలో ఎక్కించేది. కొన్నిటికి మూడేసి పేర్లు. కొన్ని నలుగురిలో అనలేనివి. అవి వచ్చినప్పుడు అత్తయ్య "అది రాయకులే" అనేది. కోడలు నవ్వుతూ రాసేసేది.

రెండు వారాల్లో అంతా దారికొచ్చింది. అప్పుడు అత్తయ్య, ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్న చెల్లెలి ఇంటికి నాలుగు రోజులు వెళ్ళింది. ఇదివరకు సెలవు పెట్టినా స్టోరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఈసారి ఒక్కటీ రాలేదు. మూడో రోజు ఆవిడే కోడలికి ఫోన్ చేసింది.

"నన్నెవరూ అడగలేదా?"

"లేదత్తయ్యా," అంది కోడలు మెల్లిగా, ఎక్కడ చిన్నబుచ్చుకుంటుందోనని.

అటువైపు వెనకాల చెల్లెలు దేనికో పగలబడి నవ్వుతోంది.

"అయితే ఇంకో వారం ఉండి వస్తాను. మీ మామయ్యకి నువ్వే చెప్పు," అంది అత్తయ్య.