మా ఆఫీసులో ఎవరూ చేయని పని

మా ఆసుపత్రిలో నా అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ నేను రీస్టార్టు అక్కనే. ఫోన్ ఎత్తగానే "ఒకసారి రీస్టార్ట్ చేశారా?" అని అడుగుతానని ఎగతాళిగా పెట్టిన పేరు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, సగానికి సగం రోగాలు దాంతోనే కుదురుతాయి. లిఫ్టు పక్కన కిటికీ లేని గదిలో ఉంటుంది మా కంప్యూటర్ హెల్ప్‌డెస్కు. నర్సమ్మ పాస్‌వర్డు మరిచిపోయినా, ఎక్స్‌రే గదిలో తెర నల్లబడినా, క్యాష్ కౌంటర్లో ప్రింటరు కాగితాన్ని నోట్లో పెట్టుకుని మొరాయించినా ముందు మోగేది నా ఫోనే.

అలాంటి నా నెత్తిన ఒక పరీక్ష వచ్చి పడింది. ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్ అట, అంటే కంప్యూటరు సేవల్ని పద్ధతిగా నడపడం. అందులో ఫౌండేషన్, అంటే మొట్టమొదటి మెట్టు. పాసైనవాళ్ళే డెస్కులో ఉంటారు, కానివాళ్ళు స్టోర్‌రూముకి వెళ్తారు అని పైనుంచి ఆర్డరు. ఉద్యోగం ఊడదు, జీతం తగ్గదు. కానీ ఆ స్టోరుందే, అందులో ఇంకు డబ్బాలూ కేబుల్ చుట్టలూ అట్టపెట్టెలూ తప్ప మాట్లాడే ప్రాణి ఉండదు. గంటసేపు నోరు మూసుకుంటే నాకు తలనొప్పి వస్తుంది. ఆ గదిలో పడేస్తే పిచ్చెక్కిపోతాను, అబద్ధం కాదు.

మొదటి మెట్టే కదా, ఇన్నేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుందిలే అనుకుని మా అమ్మాయి ఫోన్లో వేసిచ్చిన మాక్ టెస్టు దర్జాగా రాశాను. ఘోరంగా తప్పాను. ప్రింటరు పనిచేయడం లేదని ఫోన్ వస్తే మొదట ఏం చేయాలి అని అడిగాడు. లేచి వెళ్ళి చూడాలి అన్నాను. తప్పట. ముందు కంప్లయింటు నమోదు చేయాలట! నేను నమోదు చేస్తూ కూర్చుంటే కౌంటరు ముందు జనం నన్ను బతకనిస్తారా? ఇంకోచోట, పని ఆగిపోతే అది ఇన్సిడెంటు, అలా ఆగడానికి వెనకున్న కారణం ప్రాబ్లమ్ అన్నాడు. పొద్దున లేస్తే "ప్రాబ్లమ్ ఏంటి సార్?" అని అడిగే నోరు నాది. నాకు అన్నీ ప్రాబ్లమ్సే. ఈ పరీక్షకి పుస్తకం రాసిన మహానుభావుడెవరో కనిపిస్తే నా కుర్చీలో ఒక్క పూట కూర్చోబెట్టాలనిపించింది.

ఒక ఆదివారం పొద్దున నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వంటింటి గట్టు పక్కన స్టూలు వేసుకుని ఫోన్లో ప్రశ్నలు చదివి పెడుతున్నారు. ఆయన బస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. రోజూ సాయంత్రం నేను ఆఫీసు భాగోతమంతా చెబుతుంటే ఆయన కంచంలోకి చూస్తూ తింటూ ఉంటారు. గోడకు చెప్పుకుంటున్నాననుకుని నేనే సర్దుకుపోతుంటాను. ఆ రోజు కూడా అంతే, నేను జవాబు చెప్పడం, ఆయన తాపీగా "తప్పు" అనడం. నాలుగోసారి తప్పు అనేసరికి ఒళ్ళు మండిపోయింది. సబ్బు చేత్తోనే నడుము మీద చెయ్యేసుకుని, అంత తెలిస్తే మీరే రాయండి అన్నాను.

ఆయన నిజంగానే రాశారు. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో ప్రశ్నా పెదాలు కదుపుతూ చదివి, టిక్కు పెట్టుకుంటూ పోయారు. పాసయ్యారు! మామూలుగా కూడా కాదు, బ్రహ్మాండంగా. మౌసు పట్టుకోవడం కూడా రాని మనిషి! నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పుస్తకం దొంగచాటుగా చదివారా అని నిలదీశాను.

"పుస్తకమెందుకు? నాలుగు జవాబుల్లో మీ ఆఫీసులో ఎవరూ చేయని పని ఏదో చూసి దానికి టిక్కు పెడుతున్నాను," అన్నారు.

ఒళ్ళు మండుతున్నదాన్ని కాస్తా పకపకా నవ్వేశాను. ఆయన మాత్రం నవ్వలేదు, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. మా పెద్ద సారు, అన్నిటికీ రేపు చూద్దాం అంటాడని మేం రేపు సార్ అని పిలుచుకునే ఆయన, ఎవరికీ చెప్పకుండా మందుల కౌంటర్లో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించి సాయంత్రం దాకా అమ్మకాలు ఆపేశాడు కదా. అందుకని మార్పు చేసేముందు ప్రమాదం అంచనా వేసి అనుమతి తీసుకోవాలి అన్నదే కరెక్టు. ల్యాబులో సర్వరు ఆగిపోయిన రోజు బాగుచేయడం మానేసి తప్పెవరిదని గంటసేపు కొట్టుకున్నారు కదా. అందుకని ముందు సేవ తిరిగి మొదలవ్వాలి అన్నదే కరెక్టు. నేను ఎప్పుడెప్పుడో చెప్పి మరిచిపోయిన గొడవలన్నీ, ఎవరు ఏమన్నారో కూడా వదలకుండా అప్పజెప్పారు.

"అంటే ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నారా?" అన్నాను.

"నువ్వు చెప్తుంటే వినకుండా ఎలా ఉంటాను?" అని ఆయన ఫోనుకి ఛార్జింగు పెట్టడానికి వెళ్ళిపోయారు. నేను కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కళ్ళు చెమర్చాయి.

ఆ రోజునుంచి అదే మంత్రం. ప్రశ్న రాగానే మా రేపు సార్ ఏం చేస్తాడో ఊహించుకోవడం, దాన్ని కొట్టేయడం. మార్కులు రోజురోజుకీ పెరిగాయి. తమాషా ఏంటంటే, ఎందుకు తప్పో ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆ పుస్తకం చెప్పేదాంట్లో న్యాయముందని నాకే అనిపించడం మొదలైంది. నమోదు చేయకుండా పరిగెత్తబట్టే కదా, అదే ప్రింటరు దగ్గరికి వారం వారం పరిగెత్తుతున్నాను!

పరీక్ష రోజు వాచీ, బ్యాగూ బయట బీరువాలో పెట్టించి, ఒక చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. మంత్రం బాగానే పనిచేసింది. చివర్లో ఒక ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. హెల్ప్‌డెస్కులో ఉండేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యం ఏది? యంత్రాల గురించి లోతైన జ్ఞానమా, కోడు రాయడమా, లెక్కలా, ఫోన్ చేసినవాళ్ళ బాధ అర్థం చేసుకోవడమా? మా ఆఫీసులో ఎవరూ చేయనిది వెతకబోయాను. మా వాళ్ళకి కోడు రాదు, లెక్కలు అసలే రావు. చివరిదాన్నేమో కొట్టేయడానికి చెయ్యి రాలేదు. ఏడుపు గొంతుతో ఫోన్ చేసిన నర్సమ్మలు ఎంతమంది నాతో మాట్లాడి తేలికపడలేదు? ఇది మా ఆఫీసులో జరుగుతోంది, నేను చేస్తున్నాను. మంత్రాన్ని పక్కనపెట్టి దానికే టిక్కు పెట్టాను.

ఫలితం అక్కడికక్కడే తెరమీద వచ్చింది. పాసు! పాసు మార్కులకి ఒక్కటి పైన. ఆ ఒక్క మార్కు ఏ ప్రశ్నదో నన్నడిగితే చెబుతాను.

ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా బస్టాండుకి వెళ్ళాను. మా ఆయన ఖాళీ బస్సులో స్టీరింగు ముందు కూర్చుని డ్యూటీ టైము కోసం చూస్తున్నారు. మెట్టెక్కుతూనే పాసయ్యానన్నాను. ఆయన స్టీరింగు మీద తలవాల్చి గట్టిగా ఊపిరి వదిలారు. నాకంటే ఈయన భయమే ఎక్కువలా ఉందే అనిపించి, తప్పినా జీతం పోదు కదండీ, ఎందుకంత కంగారుపడ్డారు అని అడిగాను.

ఆయన తన సీటు వెనకున్న రేకు పలక చూపించారు. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు అని ఎర్రక్షరాలతో ఉంది.

"పొద్దుట్నుంచీ నాతో ఒక్కరూ మాట్లాడరు," అన్నారు. "సాయంత్రం నువ్వు చెప్పే కబుర్లే నాకు. నువ్వు ఆ స్టోర్లో పడితే ఇంటికొచ్చి ఏం చెప్తావు? అట్టపెట్టెల సంగతులా?"

బస్సు కదలడానికి ఇంకా కాసేపుంది. ఆయనకి దగ్గరగా ఉన్న సీట్లో కూర్చుని, పరీక్ష హాలు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.