మూడో వీధి మీద నీళ్లు

ఆడపడుచు నెల రోజులు వెంటపడితే గానీ కుట్టుపని చేసుకునే వదిన చెరువు చూడటానికి ఒప్పుకోలేదు. మూడేళ్ల కిందటి దాకా అక్కడ నాలుగు వీధుల కాలనీ ఉండేది. అందులోనే వాళ్ల ఇల్లు. వరదలో కాలనీ మునిగాక, మిగిలిన గోడలు కూడా పడగొట్టించి, ఎప్పుడో పూడ్చేసిన చెరువుకు మళ్లీ ప్రాణం పోశారు. ఇప్పుడు చుట్టూ నడకదారి, రెల్లు పొదలు, పక్షుల్ని చూడటానికి చెక్క మంచె.

"కాస్త గాలి తగిలితే మనిషివవుతావు, రా వదినా," అంది ఆడపడుచు. ఆమె నర్సు. బతిమాలడం, బెదిరించడం రెండూ వచ్చు.

మబ్బు పట్టిన ఉదయం. మంచె మీద గైడు ఇద్దరికీ కలిపి ఒక బైనాక్యులర్ ఇచ్చాడు.

"ఇక్కడి ఆక్రమణలు తీసేశాకే పక్షులు తిరిగొచ్చాయండీ. మన అదృష్టం!"

ఆడపడుచుకు ఒళ్లు మండింది. "ఎవరిదండీ అదృష్టం? మా అన్నయ్య ఆ వరదలోనే పోయాడు."

గైడు తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు.

"పోనీలే, అతనికేం తెలుసు," అంటూ వదిన బైనాక్యులర్ అందుకుంది. పాత నీళ్ల ట్యాంకు ఒక్కటే మిగిలింది. దాన్నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మూడో వీధి, అయిదో ఇల్లు. అక్కడ మోకాలిలోతు నీళ్లలో ఒక కొంగ కదలకుండా నిలబడి ఉంది.

"సరిగ్గా మన వంటింట్లో నిలబడింది," అంది.

ఆడపడుచు కూడా చూసి నవ్వింది. "అచ్చం అన్నయ్యే! వంటయ్యేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడా?"

ఆ నవ్వు విన్నాక ఇక దాచుకోవడం వదిన వల్ల కాలేదు.

"ఇంటి కాగితాల కోసం వెనక్కి వెళ్లాడని చెప్పాను కదా. అబద్ధం. నేనే పంపాను. నా కుట్టుమిషన్ తడిసిపోతుంది, అటక మీద పెట్టి రమ్మన్నాను. పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందాం అన్నాడు. ఏం పోయినా నువ్వలాగే అంటావని దెప్పాను. మారు మాట్లాడకుండా వెళ్లాడు. గోడ కూలింది."

ఆడపడుచు బైనాక్యులర్ కిందికి దించింది.

"అమ్మ ఆ కాగితాల్ని తిట్టుకుంటూ తిట్టుకుంటూనే కన్నుమూసింది వదినా."

"తెలుసు. పక్కనే ఉన్నాను కదా."

ఆడపడుచు మంచె దిగి నడక మొదలుపెట్టింది. వదిన నాలుగడుగుల వెనక నడిచింది. చుట్టూ తిరిగి గేటు చేరేసరికి గంట పట్టింది. పొదల్లో ఏవేవో పిట్టలు అరుస్తున్నాయి. ఇద్దరిలో ఎవరూ తలెత్తి చూడలేదు. బస్సులో వదిన పక్క సీటు ఖాళీగానే ఉన్నా ఆడపడుచు ముందుకెళ్లి కూర్చుంది.

మూడు వారాలు ఫోను లేదు. నాలుగో వారం వదినే చేసింది. ఆడపడుచు ఎత్తింది.

"తిన్నావా?" అని అడిగింది వదిన.

జవాబు రాలేదు. పెట్టేయనూ లేదు. అవతలి ఊపిరి వింటూ ఆమె అలాగే కూర్చుండిపోయింది.