ఇంటికి కుట్టిన పరుపు

నేను ఒక కాగితపు దూదిని. అలాంటిదొకటి ఉంటుందని మీరు విని ఉండరు. పుట్టేదాకా నేనూ వినలేదు. రెంటచింతలలో ఒక సిమెంటు రేకుల ఇంట్లో, కప్పు కింద జానెడు మందాన పరుచుకుని ఉంటాను. కదలకుండా పడి ఉండడమే నా ఉద్యోగం. రేకుల్లోంచి దిగివచ్చే వేడికి అడ్డం పడతాను. మనుషుల్లో ఈ పని చేసేవాళ్లను సోమరిపోతులంటారు.

అంతకుముందు నేను దినపత్రికల కట్టను. బెజవాడ అచ్చు యంత్రాల మీద పుట్టాను. మంత్రుల హామీలు, పెళ్లి ప్రకటనలు, రాశిఫలాలు అన్నీ ఒకే నమ్మకంతో మోశాను. మాచర్లలో ఒక లెక్కల మాస్టారు నన్ను రోజూ చదివేవాడు. ముందుగా చావు ప్రకటనల పేజీ తీసి, తన తోటివాళ్లెవరైనా పోయారేమో చూసుకుని, లేరంటే కాస్త నిరాశపడి కాఫీ తాగేవాడు. ఆయన పేరే ఆ పేజీలో పడిన నెలకు, ఇంటివాళ్లు నన్ను తాళ్లు కట్టి పాత సామాన్ల కొట్టుకు పంపారు. అక్కడ నన్ను ఏరి ఆటోలో వేసుకున్నవాడు నాగూర్‌వలి.

నాగూర్‌వలి దూది ఏకే మనిషి. యాభై ఎనిమిదేళ్లు. అతను దూది ఏకితే, భార్య ఖాసింబీ గలేబులు కుట్టి పరుపులు తయారుచేసేది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చుని పనిచేశారు, అంతకాలమూ పోట్లాడుకున్నారు. ఇప్పుడు జనం స్పాంజి పరుపుల మీద పడుకుని నడుములు పట్టేసుకుంటున్నారు కాబట్టి దూది ఏకే మిషనుకు తీరిక ఎక్కువైంది.

కిందటి మే నెలలో ఖాసింబీ మిట్టమధ్యాహ్నం కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది. వడదెబ్బ. నరసరావుపేట ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. ఇంకో ఎండాకాలం ఆ రేకుల కింద గడిపితే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. చీరాలలో ఉన్న ఖాసింబీ చెల్లెలు, ఉగాది దాటగానే వచ్చి వానలు పడేదాకా ఉండమంది. నాగూర్‌వలి సరేనన్నాడు. ఆ రోజునుంచి అతనికి అన్నం సహించలేదు. మూడు నెలలు తిట్టేవాళ్లు లేకుండా ఎలా బతకాలో అతనికి తెలియదు. ఆ మాట పైకి చెప్పే అలవాటు కూడా లేదు.

ఒకసారి గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి పాత బొంతలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, గోడలు అంత చల్లగా ఎందుకున్నాయని అక్కడి మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ వివరం చెప్పి, మాటల్లో మాటగా, మంచు కురిసే దేశాల్లో పాత పేపర్లను దూదిలా చేసి ఇంటి కప్పుల్లోకి గాలితో ఊదుతారని, ఎండకూ అదే పనికొస్తుందని అన్నాడు. నిప్పు అంటకుండా, పురుగు పట్టకుండా బోరిక్ పౌడరు కలపాలని కూడా చెప్పాడు. నాగూర్‌వలికి మిగతా ప్రపంచం వినపడడం మానేసింది.

క్యారమ్స్ బల్ల మీద చల్లే ఆ పొడిని మూటలకొద్దీ అడిగితే కొట్టువాడు, క్లబ్బు పెడుతున్నావా అని అడిగాడట. నాగూర్‌వలి నన్ను చింపి, ఆ పొడి కలిపి, మిషనులో వేసి ఏకాడు. మంత్రులు, పెళ్లికొడుకులు, వృషభరాశివారు అంతా కలిసి బూడిదరంగు నురగ అయిపోయారు. అంత సమానత్వం గురించి నేను చాలాసార్లు సంపాదకీయాలు మోశాను గానీ చూడడం అదే మొదలు.

ఖాసింబీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఏందయ్యా ఇది? నెత్తిమీద పేపర్లు పోసి కొంప తగలెడతావా?"

"తగలబడదు. మందు కలిపా."

"నీ మందు సంగతి నేను చూస్తా."

గుప్పెడు నన్ను తీసి పొయ్యి మంట మీద పట్టకారుతో పట్టుకుంది. నల్లబడ్డాను, పొగ వదిలాను, మంట మాత్రం అంటుకోలేదు. పట్టకారు తీయగానే ఆరిపోయాను. ఆమె ఇంకో గుప్పెడు పెట్టింది. మూడోసారి పెట్టి, తిట్టకుండా వెళ్లిపోయింది. ఆ ఇంట్లో మెచ్చుకోవడమంటే అదే.

ఖాసింబీ తమ్ముడు సుభానీ మిర్చి రైతు. ధాన్యం తూర్పారబట్టే ఫ్యాను, పొలానికి నీళ్లు పారించే గొట్టం తెచ్చాడు. రేకుల కింద వెదురు తడికలు కట్టి ఉన్నాయి. ఆ మధ్య ఖాళీలోకి నన్ను ఊదాలని పథకం. ఫ్యాను వేశారు. సగం నేను పైకి వెళ్లాను. మిగతా సగం తడికల సందుల్లోంచి మంచం మీద, కుట్టుమిషను మీద, ఉడుకుతున్న అన్నం మీద కురిశాను.

"బావా, ఆపు," అని సుభానీ దగ్గుతూ అరిచేసరికి ముగ్గురూ సమాధిలోంచి లేచివచ్చినట్టు ఉన్నారు.

నాగూర్‌వలి చీపురు పట్టుకుని కూర్చుండిపోయాడు. "నావల్ల కాదులే. నువ్వు చీరాల పో," అన్నాడు.

ఖాసింబీ జుట్టులోంచి నన్ను దులుపుకుంటూ తడికల వైపు చూసింది. "ముప్ఫై ఏళ్లు పరుపులు చేసినోడివి," అంది. "గలేబు లేకుండా దూది నింపుతారంటయ్యా ఎక్కడన్నా?"

మర్నాటినుంచి ఆమె కుట్టుమిషను ఆగలేదు. చారల పరుపు గుడ్డ జోడించి, గది అంత పెద్ద గలేబు కుట్టింది. తడికల కింద దాన్ని పరిచి, మూరకొక చోట దబ్బనంతో వెదురుకు టాకాలు వేసింది. ఆమె నిచ్చెన మీద, అతను కింద. టాకా వంకరపోయిందని అతను, నిచ్చెన ఊపుతున్నాడని ఆమె. పది రోజులు పట్టింది. తర్వాత నన్ను మళ్లీ ఊదారు. ఈసారి ఒక్క పోగు కూడా రాలలేదు.

"మే మొదటి వారం దాకా చూస్తా. తల తిరిగిందో, బస్సెక్కుతా," అని ఖాసింబీ షరతు పెట్టింది.

ఆ వారం ఎండ నలభై ఆరు దాటింది. నా మీద రేకులు పెనంలా కాలాయి. నేను పడుకున్నచోటే పడుకున్నాను. అంతకన్నా నాకేం తెలుసు? కింద ఖాసింబీ మధ్యాహ్నం ఒంటిగంటకు చాప మీద నడుం వాల్చింది. నాగూర్‌వలి పక్కనే పీట వేసుకుని, ఆమె పమిట లేచిపడడం చూస్తూ నాలుగు దాకా కూర్చున్నాడు. ఆమె కళ్లు తెరిచింది.

"ఏందయ్యా అట్ట చూస్తన్నావు?"

"ఏం లేదు. పండుకున్నావా, పోయావా అని."

"పండుకున్నా. టీ పెట్టు."

అతను టీ పెట్టడానికి వెళ్లి, పొయ్యి దగ్గర గోడకు తిరిగి నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమట అనుకోవచ్చు.

ఎదురింటి రత్నకుమారి తొమ్మిది రోజుల పిల్లతో పచ్చి బాలింత. ఆమెదీ రేకుల ఇల్లే. రెండు రోజులకు పిల్ల ఒళ్లు కాలిపోతోందని, పాలు తాగడం లేదని తెలిసి, ఖాసింబీ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వెళ్లి ఇద్దర్నీ తీసుకొచ్చింది. తడిగుడ్డతో పిల్లను తుడిచింది. గంటకు పిల్ల పాలు తాగి, నా కింద గాఢంగా నిద్రపోయింది. ఇన్నేళ్లు అచ్చయినా ఎవరికైనా ఇంత పనికొచ్చానని నాకు అప్పటిదాకా అనిపించలేదు.

అప్పుడే నాగూర్‌వలి ఏదో గట్టిగా చెప్పుకుంటూ లోపలికి రాబోయాడు. ఖాసింబీ తలుపు సగం మూసి అడ్డం నిలబడింది.

"బాలింత ఉంది. సాయంత్రం దాకా లోపలికి రామాక."

అతను వెనక్కి తిరిగి అరుగు మీద, ఒక కాలు నీడలో, ఒక కాలు ఎండలో పెట్టుకుని కూర్చున్నాడు. చూరు సందులోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాడు. దారిన పోతున్న సుభానీ సైకిలు ఆపి, ఇల్లు చల్లగా చేసుకుని బయట మాడుతున్నావేంది బావా అని అడిగాడు.

"మెల్లగా మాట్లాడరా," అన్నాడు నాగూర్‌వలి. "పిల్ల పండుకుంది."