దర్జీ కత్తిరించిన మోతాదు

కొలతలంటే దర్జీకి ప్రాణం. మనిషి చిక్కితే చొక్కానీ కుదించాలి, అంతే ఆయనకు తెలిసిన న్యాయం. ఆ న్యాయాన్నే తీసుకొచ్చి తన షుగర్ జబ్బుకు వేసుకునే ఇన్సులిన్‌కి అంటగట్టాడు మహానుభావుడు! జలుబూ దగ్గూ జ్వరమూ పట్టుకుని, నోటికి ఏదీ సయించక తిండి సగానికి పడిపోయింది కదా, సూదిమందు కూడా సగానికి కత్తిరించేశాడు. పైగా ఇంట్లో చెప్పకుండా తన తెలివికి తానే మురిసిపోయాడు.

భార్యకు అనుమానం వచ్చింది మంచినీళ్ల దగ్గర. ఏమీ తినని మనిషి కూజాలకు కూజాలు ఖాళీ చేస్తున్నాడు. గుండీ కుడతానని కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించలేక కళ్లు నులుముకుంటున్నాడు. వేలు గుచ్చి షుగర్ చూస్తే నాలుగొందలు దాటింది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"మందు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"తగ్గించానే. సగం తిండికి సగం మందు. లెక్క సరిపోలా?"

"సరిపోయింది, నా తలకాయ! మీ కత్తెర గుడ్డల మీద చూపించండి, ప్రాణాల మీద కాదు!" అంటూ ఆస్పత్రికి లాక్కుపోయింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. నోరు ఆగితే ఏడుపొచ్చేస్తుందని ఆవిడకు తెలుసు.

డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, ఇన్సులిన్ ఇప్పించింది. "జ్వరమొస్తే మీరు తినకపోయినా ఒళ్లే రక్తంలోకి షుగర్ వదుల్తుందండీ. ఉన్న ఇన్సులిన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. షుగర్ పెరిగితే వైరస్‌తో పోరాడే బలం తగ్గిపోతుంది, జబ్బు ఇంకా ముదురుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. మమ్మల్ని అడక్కుండా మందు తగ్గిస్తే ఎలా?"

"తగ్గుతుందా అమ్మా?" అంది భార్య.

"షుగర్ దిగితే భయం లేదు. దిగకపోతే ఐసీయూకి మార్చాలి."

ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. నర్సు వచ్చి వేలు గుచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. ఈయన లేని కొట్టూ, ఈయన గొంతు వినపడని ఇల్లూ తలపుకొచ్చాయి.

సాయంత్రానికి అంకె దిగింది, మళ్లీ దిగింది. చెమట పట్టి జ్వరం జారింది. దర్జీ కళ్లు తెరిచి, "ఆకలేస్తోందే," అన్నాడు.

ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

దర్జీ ముఖం పాలిపోయింది. "ఏమే, తిట్టవేంటి? డాక్టరమ్మ నీకేం చెప్పింది? నిజం చెప్పు, పోతున్నానా?"

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "పోయేవాళ్లకి ఆకలేస్తుందా, తిక్క మనిషీ!" అంటూ అందుకుంది. ఆ తిట్లు చెవిన పడ్డాకే దర్జీకి ప్రాణం లేచొచ్చింది.