సగం లోడు

ఆ లారీ పొగ ఏ రంగో వీధిలో పసిపిల్లనడిగినా చెబుతుంది. నీలం. పొద్దున్నే అది బయల్దేరే వేళకి ఎదురింటివాళ్ళు ఆరేసిన బట్టలు లోపల వేసుకుంటారు, అది మలుపు తిరిగాక మళ్ళీ ఆరేస్తారు. దాన్ని నడిపే ఆవిడని పిండిమిల్లులో అందరూ లారీ వదిన అంటారు. మిల్లులో పిండి బస్తాలు ఎక్కించుకుని, ఎత్తురోడ్డు దాటి, అవతలున్న పదకొండు బేకరీలకి ఏడింటిలోపు దింపడం ఆవిడ పని. దానికి ఆదివారం లేదు, జ్వరం లేదు. రొట్టె తినేవాడు రోజూ తింటాడు కదా మరి.

ఇంజను విప్పి పూర్తిగా పని చేయించాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలాగన్న దగ్గరే తగువు. ఏ గ్యారేజీలో అడిగినా పది రోజులన్నారు. పది రోజులు బండి ఆగితే మిల్లువాళ్ళు ఇంకో బండిని పెట్టుకుంటారు, పెట్టుకున్నదాన్ని మళ్ళీ తియ్యరు. బండి పనైపోయింది, అమ్మెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళే మర్నాడు కొంటామని కూడా వచ్చారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు. లారీ వదిన ఒక్కొక్కరికీ టీ ఇచ్చి మరీ పంపింది, బండి మాత్రం ఇవ్వలేదు.

ఏడాదికోసారి రోలర్లు శుభ్రం చెయ్యడానికి మిల్లు నాలుగు రోజులు మూస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఇంజను దించి, విప్పి, కట్టి, ఎక్కించెయ్యాలి. అవుతుందని అన్నది ఒకే ఒక్క మనిషి, ఆవిడ ఆడబిడ్డ. పెద్ద వర్క్‌షాపులో మెకానిక్కు. అక్కడి మగవాళ్ళు ఆమెని స్పానరు అంటారు. మొదట్లో వెక్కిరింపుకి పిలిచేవాళ్ళు, ఇప్పుడు బోల్టు ఊడక చస్తున్నప్పుడు పిలుస్తున్నారు.

మిల్లు మూసే రోజుకి మూడు వారాల ముందు, ఒక మధ్యాహ్నం, వదినా మరదళ్ళిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. లారీ వదిన భర్త దర్జీ. ఆయన కటింగు బల్ల సగం వీళ్ళు ఆక్రమించారు. ఆయన కొలతలు గీసుకునే దళసరి కాగితం ఒకటి లాక్కుని స్పానరు రాయడం మొదలుపెట్టింది. సైలెన్సరు వైపు బోల్టులకి ఇవాళ్టి నుంచే రోజూ సాయంత్రం ఆయిలు పట్టించాలి. విరిగిన బోల్టు పీకడానికి ఒక పూట పడుతుంది, ఆ పూట మన దగ్గర లేదు. పిస్టన్లు, అవి ఆడే లైనరు గొట్టాలు ముందే కొని ఇంట్లో పెట్టుకోవాలి. లేతు మెషీను దగ్గర రెండో రోజు పొద్దున మొదటి వంతు మనదే కావాలి. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసుని కొలిస్తే తప్ప బేరింగుల సైజు తెలియదు కాబట్టి రెండు సైజులూ తెచ్చుకుని ఒకటి వెనక్కిచ్చేలా కొట్టువాడిని ఒప్పించాలి. కొట్టువాడు సణుగుతాడు. సణగనీ, సణుగుడికి బేరింగులు అరగవు అంది స్పానరు.

దర్జీకీ ఒక పని పడింది. విప్పిన ప్రతి ముక్కకీ ఒక గుడ్డపేలిక కట్టాలి, దాని మీద నంబరు దారంతో కుట్టి ఉండాలి. కాగితం మీద రాస్తే డీజిలు తడికి చెరిగిపోతుంది. ఒకచోటి బేరింగు మూత ఇంకోచోట బిగిస్తే క్రాంకు తిరగదు, వర్క్‌షాపులో ఒకడు అలాగే చేసి రెండు రోజులు తల పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ మనుషులకే కుట్టాను, ఇంజనుకి కుట్టే భాగ్యం ఇప్పటికి పట్టిందని ఆయన మురిసిపోయాడు. అప్పటికప్పుడు నలభై పేలికలు కత్తిరించి పెట్టుకున్నాడు కూడా.

అంతా బాగానే నడుస్తోంది. అప్పుడు స్పానరు పెన్సిలు పక్కన పెట్టింది.

"పోయినసారి ఇంజను పని చేయించి రెండేళ్ళేగా అయింది వదినా. మంచి లైనర్లు ఆరేడేళ్ళు పోవాలి. ఇదెందుకు పోయింది?"

దర్జీ అందుకున్నాడు. ఎందుకు పోతుంది, ఆ గ్యారేజీవాడు దొంగ సరుకు వేశాడు కాబట్టి పోయింది, వాడి చేతులు పడిపోను అన్నాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పొగ వచ్చినప్పుడల్లా ఈ తిట్లు వస్తూనే ఉన్నాయి. లారీ వదిన కూడా గొంతు కలిపేది. ఇవాళ కలపలేదు. తేలు కుట్టిన దొంగలా కాగితం వైపు చూస్తూ కూర్చుంది.

"పని అయ్యాక ఎన్నాళ్ళు సగం లోడుతో తిప్పావు?" అంది స్పానరు.

"ఒక్కరోజు కూడా తిప్పలేదు."

కుట్టుమెషీను ఆగిపోయింది.

ఇక దాచడానికేముంది, చెప్పేసింది. ఆ గ్యారేజీ ఆయన దొంగ కాదు. పిస్టన్ల కొత్త రింగులు లైనర్లలో సర్దుకునేదాకా, రెండు వారాలపాటు, సగం లోడుతో మెల్లగా పోవమ్మా అని చెప్పే పంపాడు. ఆవిడ వెళ్ళి మిల్లు గేటులో చీటీల సారుని అడిగింది. లోడింగు ఆయన చేతిలో ఉంటుంది, ఆయన చీటీ రాస్తేనే బండి గేటు దాటుతుంది. సగం లోడుకి చీటీ లేదన్నాడు. ఫుల్ లోడా, ఇంటికా అన్నాడు. ఆవిడ సరేనంది. మూడోరోజు ఎత్తురోడ్డు మీద వేడిముల్లు ఎర్రగీత దాటింది. అయినా ఆపలేదు, ఏడు దాటిపోతుందేమోనని. పిస్టన్లు ఆ రోజే గీసుకుపోయాయి. ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు, పొగెందుకు వస్తోందో అంది.

సిగ్గుతో ఆవిడ చెవులు మండిపోయాయి. ఇంజను పోయినందుకు కాదు, ఒక్క మాటకి వంగిపోయి, ఆ పాపం ఏ పాపమూ ఎరగని మనిషి నెత్తిన రుద్దినందుకు. దర్జీ పేలికలు ముందుకు లాక్కుని నంబర్లు కుట్టడం మొదలుపెట్టాడు. తిడితే బాగుండేది.

స్పానరు కాగితం దగ్గరికి లాక్కుని నాలుగు రోజుల పనుల జాబితా కింద ఇంకో గీత గీసి రాసింది. పదిహేను రోజులు, సగం లోడు, వేగం నలభై దాటకూడదు.

"దీనికి ఒప్పుకుంటేనే బోల్టు మీద చెయ్యి వేస్తాను."

సారు ఒప్పుకోడని లారీ వదిన గొణిగింది.

"ఆయన్ని నేను అడగలేదు. నిన్ను అడుగుతున్నా."

వదిన పెన్సిలు అందుకుని ఆ గీత కింద తన సంతకం పెట్టింది.

ఆ మూడు వారాల్లో బస్తాలు దింపుతూనే పదకొండు బేకరీల్లోనూ అడిగేసింది. పొద్దున్నే పిండి లేకపోతే పొయ్యి వెలగనివి ఆరు. మధ్యాహ్నం దించినా పర్వాలేదన్నవి అయిదు. ఆ పేర్లన్నీ అదే కాగితం మీదికెక్కాయి. ఇక మిల్లు మూసిన నాలుగు రోజుల సంగతి చెప్పాలంటే, ఇంజను ఇంటి ముందే దించారు, అంత ఆయిలు పట్టించినా ఒక బోల్టు విరగనే విరిగింది, బేరింగులు రెండో సైజువే పట్టాయి, ముగ్గురూ కటింగు బల్ల కిందే నడుం వాల్చారు. నాలుగో సాయంత్రం ఇంజను అందుకుంది. పొగ గొట్టం దగ్గర దర్జీ తెల్లగుడ్డ పట్టి చూశాడు, తెల్లగానే ఉంది.

అయిదో రోజు పొద్దున మిల్లులో లోడింగు మొదలైంది. సగం లోడు, అంటే నూరు బస్తాలు ఎక్కగానే లారీ వదిన వెనకతలుపు వేసి గొళ్ళెం బిగించింది. హమాలీ ఒకడు నూటొకటో బస్తా భుజాన పెట్టుకుని నిలబడిపోయాడు. చీటీల సారు వచ్చాడు. ఆవిడ కాగితం చాపి, రెండు ట్రిప్పుల్లో మొత్తం దింపేస్తాను, బేకరీలన్నీ ఒప్పుకున్నాయి అని చెప్పింది. ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. ఒక బండికి రోజుకి ఒక్కటే చీటీ, మొదట్నించీ అదే పద్ధతి అన్నాడు.

"పోయినసారి ఫుల్లు వేసుకునే పోయావుగా. అప్పుడేమైంది?"

"అప్పుడు మీ మాట విన్నాను. ఇంజను పోయింది."

"ఫుల్ లోడా, ఇంటికా?"

అవే మాటలు, అదే గొంతు. ఆ గేటు పోతే ఇంట్లో పొయ్యి వెలిగేది దర్జీ సూది మీదే, ఆ సూది ఒక్కటే ఇల్లు గడపదు. అయినా కేబినెక్కింది. బస్తాలు దింపేసి ఇంటికే పోతుందనుకుని సారు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ తిన్నగా తీసుకెళ్ళి బరువు తూచే కాటా మీద బండి నిలిపి, ఇంజను కట్టేసి, గేరులో పెట్టి, తాళంచెవి తీసుకుంది. కాటా ఎక్కకుండా ఏ బండీ గేటు దాటదు. తాడో పేడో ఇక్కడే తేలనీ అనుకుంది.

వెనక తొమ్మిది బండ్లు. హారన్లు మొదలయ్యాయి. సారు తోసెయ్యమన్నాడు. హమాలీలు నాలుగు చేతులు వేసి ఉత్తుత్తిగా మూలిగి, గేరులో ఉంది కదలదండీ అన్నారు. డ్రైవర్లు దిగొచ్చి ముందు ఆవిణ్ణే తిట్టారు. ఆవిడ సంగతంతా చెప్పింది, రెండేళ్ళ కిందటిది కూడా. వాళ్ళలో ఒక ముసలాయన తన బండి దగ్గరికి వెళ్ళి ఇంజను ఆపేశాడు. కాసేపటికి ఇంకొకడు ఆపాడు. పావు తక్కువ ఆరైంది. పిండి కోసం ఎదురుచూస్తూ ఉండే ఆరు బేకరీలూ ఆవిడ కళ్ళముందు మెదిలాయి. కాని దిగలేదు. లోపల ఆఫీసులో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది.

సారు లోపలికెళ్ళి, పిండి ఏదని అడిగే బేకరీలవాళ్ళకి సమాధానం చెప్పి బయటికొచ్చి, ముఖం గంటు పెట్టుకుని, నూరు బస్తాలకి చీటీ రాసి కిటికీలోంచి విసిరాడు.

"రెండో ట్రిప్పుది?"

"మధ్యాహ్నం చూద్దాం."

"ఇప్పుడే రాయండి సార్. పదిహేను రోజులవీ."

ఇంకా ఇరవైతొమ్మిది చీటీలు. కాటా పక్కన స్టూలు మీద కూర్చుని రాశాడు, ఒక్కోదానికీ ముద్ర కొట్టాడు. డ్రైవర్లు చుట్టూ నిలబడి, సినిమా చూసినట్టు చూశారు. ఆఖరి చీటీ ఇస్తూ ఆయన, పదిహేను రోజులయ్యాక ఈ గేటులో నీకు పనెవడిస్తాడో చూస్తాను అన్నాడు.

"చూడండి. పదిహేను రోజులయ్యాక నా ఇంజను ఫుల్ లోడు లాగుతుంది. ఏ గేటు నుంచైనా లాగుతుంది."

తాళం తిప్పింది. బండి కాటా దిగి, గేటు దాటి, ఎత్తురోడ్డు ఎక్కింది. దాటడానికి దారి లేక తొమ్మిది బండ్లూ వెనకే పాక్కుంటూ వచ్చాయి, కొన్ని హారన్లు కొట్టాయి. ఆవిడ ముప్ఫై దాటలేదు.