నాజ్లీ పేరున్న ఈగ

మెట్రో రైల్లో విదాద్ ఆ చిన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. పెట్టెలో ఒకే సూది, ఆ సూదికి రెండు ఈగలు. కుదుపుకి ఒక కాలు విరిగినా సాక్ష్యం పాడైపోతుందనుకుంది. విరిగితే బాగుండునని కూడా అనుకుంది.

కైరోలో ఒక మ్యూజియంలో ఆమె ఈగల విభాగం చూస్తుంది. గాలిలోనే ఇతర పురుగుల్ని పట్టి తినే వేట ఈగల మీద పుస్తకం రాసింది. ఆ పనిలో సగం పేర్లు కొట్టేయడమే. ఒకే ఈగకి ఒక దేశంలో ఒకరు ఒక పేరు పెడతారు, ఇంకో దేశంలో ఇంకొకరు ఇంకో పేరు పెడతారు. రెండూ ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరు నిలుస్తుంది, తర్వాతది పోతుంది. ఇంతవరకూ ఆమె కొట్టేసిన పేర్లన్నీ ఎప్పుడో చనిపోయినవాళ్ళు పెట్టినవి. ఈసారి వంతు డాక్టర్ రాగిబ్‌ది, ఆమెకి సూది పట్టుకోవడం నేర్పిన గురువుది. పెళ్ళయిన కొత్తలో హెల్వాన్ దారి పక్క ఇసుక దిబ్బలో దొరికిన బూడిదరంగు ఈగకి ఆయన తన భార్య నాజ్లీ పేరు పెట్టుకున్నాడు. ఆయన పెట్టిన పేరు అదొక్కటే.

అంతకు చాలా ముందే ట్యునీషియాలో ఎవరో ఒక నల్ల ఈగకి వేరే పేరు పెట్టి ఉన్నారు. అక్కడ దొరికింది ఒకే ఒక్క మగది. రాగిబ్‌కి దొరికినవన్నీ ఆడవి. ఒకటి నలుపు, ఒకటి బూడిద. అవి మొగుడూ పెళ్ళాలని ఎవరికి తడుతుంది? ఈ వసంతంలో ట్యునీషియాలోని గాబెస్ నుంచి ఒక స్నేహితురాలు, జతకట్టి ఉండగా పట్టిన నలుపు, బూడిద జంటని విడదీయకుండా ఒకే సూదికి గుచ్చి పంపింది.

పేరు పెట్టిన మనిషి బతికుంటే, అచ్చుకి వెళ్ళకముందే ఆ సంగతి ఆయనకి చెప్పడం ఈ పనివాళ్ళ మర్యాద. చట్టం కాదు. కాబట్టే తప్పించుకోలేకపోయింది. పుస్తకం రేపు అచ్చుకి వెళ్తుంది. ఆయనకి ఎనభై దాటాయి, చలికాలంలో గుండె ఆపరేషన్ అయింది. ఆ ఒక్క పేరూ తీసేస్తే ఆయనకేం మిగులుతుంది? ఈ బెంగని తిరగేసి చూసుకుంటే దాని అడుగున మరొకటి కనిపించింది. గురువుగారి పొరపాటు తను పట్టిందన్న చిన్న సంతోషం. అది తన ముఖంలో ఆయనకి కనబడుతుందేమోనన్నదే తన అసలు భయమేమో అనిపించింది.

తలుపు తీసింది నాజ్లీ.

“రా విదాద్. ఏమిటలా ఉన్నావు, పరీక్ష తప్పిన పిల్లలాగ?”

“ఏం లేదు తాంత్. ఎండ.” నాజ్లీని ఆమె పిన్నీ అన్నట్టు తాంత్ అనే పిలుస్తుంది.

రాగిబ్ బాల్కనీలో కాళ్ళ మీద శాలువా కప్పుకుని ఉన్నాడు. “ఏం తెచ్చావమ్మాయ్? తీపి అయితే ఈవిడకి కనబడకుండా ఇటియ్యి.”

“ఈగలు, డాక్టర్‌గారూ.”

“ఈ ఇంటికి వచ్చేది అవేగా,” అంది నాజ్లీ టీ పోస్తూ. “అందరి మొగుళ్ళూ పెళ్ళాలకి గాజులు చేయించారు. ఈయన నాకు ఈగని పెట్టారు.”

దారిపొడుగునా పేర్చుకున్న మాటలన్నీ విదాద్‌కి ఒక్కసారిగా చెదిరిపోయాయి. “ఆ ఈగ గురించే వచ్చాను. మీదీ, ట్యునీషియా వాళ్ళదీ ఒకటే. వాళ్ళ పేరు పాతది. మీ పేరు పోతుంది.”

నాజ్లీ టీ పోయడం ఆపింది.

“ఎప్పుడు పట్టారు?” అన్నాడు రాగిబ్.

“ఏప్రిల్‌లో.”

“ఏ ఏడు ఏప్రిల్?”

“ఈ ఏడే. మొన్న.”

ఆయన చెయ్యి చాపాడు. విదాద్ పెట్టె ఇవ్వకుండా తనే పట్టుకుని, ఆయన కంటి దగ్గర భూతద్దం ఉంచింది. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు.

“విడివిడిగా పట్టి జంటని చెబుతున్నారేమో.”

“తోకల దగ్గర చూడండి. ఇంకా పట్టు వదల్లేదు.”

“ఆడదాన్ని మన వాటి పక్కన పెట్టి చూశావా? కాళ్ళ ముళ్ళు? రెక్కల గీతలు?”

“అన్నీ చూశాను. తేడా లేదు.”

“అలసిపోయి ఉన్నప్పుడు చూడలేదు కదా?”

ఆయన తన పేరు కోసం వాదిస్తున్నాడనుకుంది. తర్వాత ఆ గొంతు విని ఆగింది. తను తెచ్చిన కబురు తప్పవుతుందేమోనని ఆయన భయపడుతున్నాడు.

“ఆ దిబ్బని చదును చేసి రోడ్డేశారు,” అన్నాడు రాగిబ్. “ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ వెతికాను.”

“నన్నడుగు ఆ సంగతి,” అంది నాజ్లీ. “షమ్మ్ ఎల్-నసీమ్ పండగనాడు ఊరంతా నైలు ఒడ్డున ఉప్పుచేపలు తింటుంటే, మేం సిమెంటు లారీల మధ్య ఈగ కోసం.”

“ఒక్కటీ కనబడలేదమ్మాయ్. చదును చేసే ముందు దొరికినవన్నీ నేనే సీసాలో వేసుకున్నాను. ఆఖరి వాటిని నా చేత్తోనే చంపాననుకున్నాను. అన్నీ గుడ్లు పెట్టాల్సినవే.” ఆయన శాలువా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోకుండా. “ఉందన్నమాట. అక్కడ ఉంది.”

విదాద్ భుజాలు వాటంతటవే దిగాయి. అవి అంతసేపూ బిగుసుకుని ఉన్నాయని అప్పుడే తెలిసింది.

“అంతా బాగానే ఉంది,” అంది నాజ్లీ. “మన ఈజిప్టు ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరు వదులుకోరు. దీనికేం వచ్చింది, మొగుడి పేరు తగిలించుకోవడానికి?”

“దాని మొగుణ్ణి నేను చూడలేదుగా. చూసుంటే అప్పుడే అడిగేవాణ్ణి.” రాగిబ్ విదాద్ వైపు తిరిగాడు. “పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టావా?”

ఒకటేనని పూర్తి నమ్మకం లేనప్పుడు కొట్టేసిన పేరు పక్కన పెట్టే గుర్తు అది. విదాద్‌కి నమ్మకం ఉంది. అయినా పెట్టింది.

“పెట్టాను. మీ కోసం.”

“తీసెయ్. ఇప్పుడే ఫోన్ చెయ్యి. రేపటికి మళ్ళీ జాలి పుడుతుంది నీకు.”

ఆమె ప్రెస్సుకి ఫోన్ చేసింది. అటు గంట మోగుతుండగా రాగిబ్ భార్యనడుగుతున్నాడు, “గాబెస్‌కి విమానం ఉందా?”

“ఈ గుండెతోనా?”

“వచ్చే వసంతానికి. కాపురం ఎలా ఉందో చూసి రావద్దూ?”

“వస్తాను, ముందు నాకు ఉప్పుచేపలు పెట్టిస్తే,” అంది నాజ్లీ.

ప్రెస్సులో ఎవరో ఫోన్ ఎత్తారు. విదాద్‌కి నవ్వు ఆగలేదు. అటువైపు మనిషి ఓపిగ్గా, “చెప్పండి మేడమ్, ఏ పేజీ?” అంటున్నాడు.