పూజలో చిక్కిన కత్తి

నేను ఒక ఆపరేషన్ కత్తిని. ఒక్కసారి వాడి పారేసే రకం. ఫ్యాక్టరీలో యంత్రం నాకు పదును పెట్టి, ప్లాస్టిక్ పిడి తగిలించి, కవరులో మూసేసింది. కాళ్లు లేకపోయినా అప్పటినుంచీ నాకు కాలు నిలవదు.

కోనసీమలో ఓ చిన్న ఆసుపత్రికి చేరాను. కాన్పుల వార్డులో డాక్టర్ హైమావతిగారు నన్ను ఎమర్జెన్సీ ట్రాలీకి ప్లాస్టర్‌తో అంటించి, "దీన్నెవరూ ముట్టుకోవద్దు" అన్నారు. నిండు గర్భిణికి గుండె ఆగిపోతే థియేటర్‌కి తీసుకెళ్లే వ్యవధి ఉండదట. ఉన్నచోటే కోసి బిడ్డను తీయాలట. అలాంటి రోజు రాకూడదని అందరూ కోరుకునేవారు. నేను మాత్రం ఎదురుచూసేదాన్ని. ఏం చేయను, నా పుట్టుకే అంత.

దసరాకి ఆయుధపూజ చేశారు. హెడ్ నర్సు సుగుణమ్మ ముచ్చటపడి మా ట్రాలీని ముందు హాల్లోకి తోయించి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ చుట్టింది. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజంతా కదపకూడదట. ప్రాణం కాపాడాల్సినదాన్ని పూలతో కట్టేస్తారా! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే, తెరిచిన వార్డు తలుపులోంచి నేను చూస్తుండగానే, నొప్పులు పడుతున్న వీరవేణి అనే ఆవిడ మంచం మీద ఒక్కసారిగా తల వాల్చేసింది. నాడి అందలేదు. ఒక నర్సు గుండె మీద నొక్కడం మొదలెట్టింది. బిడ్డ బరువుకి రక్తనాళం నలగకుండా ఇంకో నర్సు పొట్టను రెండు చేతులా ఎడమవైపుకు నెట్టి పట్టుకుంది. "ట్రాలీ ఏదీ?" అని డాక్టరమ్మ కేక పెట్టారు.

సుగుణమ్మ హాల్లోకి పరుగెత్తుకొచ్చి, దండ మీద చేయి వేసి ఆగిపోయింది.

"పూజలో ఉందండీ..."

"ఇక్కడ మనిషి పోతోంది సుగుణా! లాక్కురా!"

పూలు చక్రానికి చుట్టుకుని ట్రాలీ మొరాయించింది. సుగుణమ్మ ఏడుస్తూ దండ తెంపేసి తోసుకొచ్చింది.

గుమ్మంలో వీరవేణి అత్తగారు చేతులు జోడించింది. "బిడ్డనైనా దక్కించండమ్మా."

"ఇది మీ కోడలి కోసమేనండి. బిడ్డను తీస్తేనే ఆవిడ రక్తం గుండెకు మళ్లుతుంది," అంటూ డాక్టరమ్మ నా కవరు చింపారు.

గుండె నొక్కే చేతులు ఆగలేదు. నా పని నేను చేశాను. బిడ్డ కెవ్వుమంది. అందరూ అటు తిరిగారు, డాక్టరమ్మ తప్ప. నన్ను సూదుల డబ్బాలో పడేశారు. అందులో నేను పడ్డ యాతన ఇంతా అంతా కాదు. తల్లి సంగతేమిటి? ఎవరైనా చెప్పండర్రా! చివరికి సుగుణమ్మ గొంతు వినిపించింది.

"నాడి వచ్చిందండీ!"

డబ్బా నిండేదాకా పారేయరు కనుక నేనింకా ఆ గదిలోనే ఉన్నాను. ఊపిరి కోసం గొంతులో వేసిన గొట్టం తీశాక వీరవేణి మాట విన్నాను. బొంగురుగా ఉంది, కోపంగా కూడా ఉంది.

"నన్నడక్కుండా ఎలా కోసేత్తారండీ?"

డాక్టరమ్మ నవ్వబోయి ఏడ్చేశారు.

"అడుగుదామంటే, అప్పుడు నువ్వు లేవు కదా తల్లీ."